ఒంటరి పథ్యం ఎందుకు నిలవదు

గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చిన మనిషి చుట్టూ మొదటి పది రోజులూ ఇల్లంతా తిరుగుతుంది. డాక్టరు రాసిచ్చిన తిండి కాగితం ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కుతుంది. ఆయన కోసం పొయ్యి మీద వేరే చిన్న గిన్నె పెడతారు. అందులో ఉప్పు తగ్గించిన బీరకాయ కూరో, నూనె లేని సొరకాయ పులుసో ఉడుకుతుంది. పక్క పొయ్యి మీద బాణలిలో మిగతావాళ్ళ కోసం దొండకాయ వేపుడు చిటపటలాడుతుంది. భోజనాల దగ్గర ఆయన కంచంలోకి చప్పటి కూర వస్తుంది. మిగిలిన నాలుగు కంచాల్లోకి వేపుడు, అప్పడం, ఆవకాయ వస్తాయి. నెల తిరిగేసరికి "ఇవాళొక్క పూటకి ఒక ముక్క వేసుకుంటాలే" అంటాడాయన. ఇల్లాలికి కాదనడానికి మనసొప్పదు. ఇంతలో సంక్రాంతి వస్తుంది, అరిసెలు వస్తాయి. చిన్న గిన్నె అటకెక్కుతుంది. ఆర్నెల్లకు పరీక్షకు వెళ్తే డాక్టరు మందలిస్తాడు. "ఈయనకు నోరు కట్టుకోవడం చేతకాదండీ" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆయన తల దించుకుంటాడు.

ఆయన తల దించుకోవాల్సిన పని లేదు. ఒకే ఇంట్లో, ఒకే వాసనల మధ్య, నలుగురూ తినే తిండికి ఒక్క మనిషిని దూరంగా కూర్చోబెట్టి బతికినన్నాళ్ళూ నోరు కట్టుకోమనడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. గుండెను కాపాడే తిండి విషయంలో మన ఇళ్ళలో జరుగుతున్న అసలు పొరపాటు ఇది. దాన్ని ఒక మనిషి మనోబలానికి పెట్టే పరీక్షగా చూస్తున్నాం. నిజానికి అది ఆ ఇంటి వంటకు, నెల సరుకుల చీటీకి సంబంధించిన విషయం.

పథ్యం అనే మాటకు మూలంలో ఉన్న అర్థం చాలా మంచిది. పథం అంటే దారి, ఆ దారికి తగినది పథ్యం. కానీ వాడుకలో ఆ మాట కుంచించుకుపోయింది. పథ్యం అంటే రోగి తినేది, కొన్నాళ్ళు తినేది, రుచి లేనిది అని స్థిరపడిపోయింది. కామెర్లకు, ఆపరేషన్లకు ఆ పద్ధతి సరిపోయింది. జబ్బు తగ్గాక మామూలు తిండికి వచ్చేస్తాం కదా! గుండెజబ్బుకు, రక్తపోటుకు అలాంటి గడువేమీ లేదు. అందుకే పాత పథ్యం అక్కడ పనిచేయదు.

ఇది ఒక్క తెలుగిళ్ళ కథే కూడా కాదు. ప్యూర్ అనే అంతర్జాతీయ అధ్యయనం 17 దేశాల్లో, అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చి బయటపడిన వేలమందిని పరిశీలించింది. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వాళ్ళలో ఆరోగ్యకరమైన తిండి తింటున్నవారు నూటికి 39 మందే. తగినంత శారీరక శ్రమ చేస్తున్నవారు 35 మంది. ఇంకా పొగ తాగుతూనే ఉన్నవారు 18 మందికి పైనే. చావును దగ్గరగా చూసి వచ్చినవాళ్ళ సంగతే ఇది. వాళ్ళకు భయం లేదనీ, డాక్టరు చెప్పింది అర్థం కాలేదనీ అనగలమా? భయం ఒక పూట కూరను మార్చగలదు. ఏడాది పొడవునా వంటింటిని నడపడం దానికి చేతకాదు.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే కన్నుమూశారు. ఆ తర్వాత కొన్ని రోజులు బెంగళూరు ఆసుపత్రుల ముందు గుండె పరీక్షల కోసం జనం బారులు తీరారు. 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్ళ వయసులో హైదరాబాద్‌లో హఠాత్తుగా మరణించినప్పుడు తెలుగు నేలంతా అదే దిగులు, అదే చర్చ. అలాంటి వార్త వచ్చిన మర్నాడు ఉదయం పార్కుల్లో నడిచేవాళ్ళు పెరుగుతారు. పక్షం తిరిగేసరికి మళ్ళీ మామూలే. పరీక్ష చేయించుకోవడం మంచిదే, ఒకరోజులో అయిపోయే పని. తిండి అలా కాదు, రోజుకు మూడు పూటలు, ఏడాదికి వెయ్యికి పైగా పూటలు.

మరి తెలుగువాళ్ళకు మనోబలం తక్కువా? కార్తీకం వస్తే సమాధానం వీధుల్లోనే కనబడుతుంది. లక్షలమంది మగవాళ్ళు అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు మాంసం ముట్టరు, మందు ముట్టరు, సిగరెట్ ముట్టరు. తెల్లవారుజామునే చన్నీటి స్నానం, నేల మీద పడక, కాళ్ళకు చెప్పులుండవు. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చిన మనిషి మాల పడిన రోజునుంచి వాటి వంక చూడడు. రంజాన్ నెలంతా సహరి నుంచి ఇఫ్తార్ దాకా పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా ఉపవాసముండే కుటుంబాలు మన ఊళ్ళలో ఉన్నాయి. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాల్లో మాంసం మానేసే కుటుంబాలూ ఉన్నాయి. నోరు కట్టుకోవడం చేతకానివాళ్ళు చేసే పనులా ఇవి?

ఆ దీక్ష ఎందుకు నిలుస్తుందో చూడాలి. మాల వేసుకున్న మనిషి ఒంటరివాడు కాడు. ఇంట్లో ఆయనకొక్కడికే వేరే గిన్నె పెట్టరు, ఆ 41 రోజులూ ఇల్లంతా అదే తింటుంది. వంటిల్లు శుభ్రం చేసి మాంసం వండటమే మానేస్తారు. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆయన్ను "స్వామీ" అని పిలుస్తారు, ఆ పిలుపు రోజుకు యాభైసార్లు ఆయన దీక్షను గుర్తుచేస్తుంది. పీఠం దగ్గర తనలాంటివాళ్ళు పదిమంది కలుస్తారు. స్నేహితుడు మందు పార్టీకి పిలవడు, ఆఫీసులో ఎవరూ సిగరెట్ చాచరు. ఊరే ఆయన చుట్టూ కంచెలా నిలబడుతుంది. మాల తీసిన మర్నాడు ఆ కంచె మాయమవుతుంది, చాలామంది పాత అలవాటుకు వెళ్ళిపోతారు. మనిషి అదే, సంకల్పశక్తీ అదే. చుట్టూ ఉన్న ఇల్లు, వీధి మారాయి.

ఇందులో రోజుల లెక్క కూడా ఒకటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తీసుకుని ఒక్కొక్కరినీ ఒక్క చిన్న అలవాటు ఎంచుకోమన్నారు. మధ్యాహ్న భోజనంతోపాటు ఒక పండు తినడం లాంటివి. పన్నెండు వారాలు గమనించి, ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పడుతోందని తేల్చారు. కొందరికి 18 రోజులు చాలు, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్కగట్టారు. అంటే మండలం రోజుల దగ్గర ఆగిపోయే దీక్ష చాలామందికి ఇంకా అలవాటు కాకముందే ముగుస్తోందన్నమాట. ఆ అధ్యయనంలో మరో సంగతి అంతకంటే ముఖ్యమైనది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద ఆటంకమేమీ రాలేదు. సంక్రాంతికి రెండు అరిసెలు తిన్న మనిషి "ఇక పథ్యం చెడింది" అని చేతులెత్తేయనక్కర్లేదు. కనుమ నాటికి మళ్ళీ దారిలో పడితే చాలు.

ఇల్లు కాదు, ఏకంగా ఒక జిల్లా మారిన ఉదాహరణ ఫిన్లాండ్‌లో ఉంది. 1970ల మొదట్లో ఆ దేశపు తూర్పు ప్రాంతంలో గుండెజబ్బుతో చనిపోయే మగవాళ్ళ నిష్పత్తి ప్రపంచంలోకెల్లా ఎక్కువ. అడవుల్లో దుంగలు కొట్టి, పొలాల్లో ఒళ్ళు వంచి పనిచేసే మనుషులు నలభైల్లో, యాభైల్లో కుప్పకూలిపోయేవారు. ఉత్తర కరేలియా అనే ఆ ప్రాంత జనాభా సుమారు 1,80,000. తమ మగవాళ్ళను కాపాడమని 1971లో అక్కడి ప్రజాప్రతినిధులు ప్రభుత్వానికి వినతిపత్రం పెట్టారు. మరుసటి ఏడాది పనులు మొదలయ్యాయి. వాటిని నడిపిన పెక్కా పుస్కా అనే డాక్టరుకు అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు.

ఆయన రోగుల వెంట పడలేదు. వంటగదుల వెంట పడ్డాడు. అప్పట్లో అక్కడ దాదాపు 90 శాతం మంది రొట్టెకు వెన్న రాసుకునేవారు. కూరగాయలను పశువుల మేత అనుకునే మగవాళ్ళు ఉండేవారు. మార్తా అనే గృహిణుల సంఘం 1899 నుంచీ ఆ దేశంలో ఉంది, దాని మహిళలు ఊరూరా వంటల సభలు పెట్టారు. తాతల నాటి మాంసం పులుసునే కొవ్వు, ఉప్పు తగ్గించి, దుంపలు, కూరలు ఎక్కువ వేసి వండి, అక్కడికక్కడే అందరిచేతా తినిపించారు. సాసేజి తయారుచేసేవాళ్ళతో మాట్లాడి కొంత కొవ్వు తీసేసి పుట్టగొడుగులు కలిపించారు. పాడి మీద బతికే రైతులు గోల చేస్తే, అడవి పళ్ళ సాగుకు మళ్ళేందుకు తోడ్పడ్డారు. ఏ ఊరి జనం కొలెస్టరాల్ ఎక్కువ తగ్గించుకుంటారో చూద్దామని ఊళ్ళ మధ్య పోటీలు పెట్టారు. నాలుగు దశాబ్దాల్లో, పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. అందులో మందుల వాటా, ఆసుపత్రుల వాటా ఉన్నాయి. పెద్ద వాటా మాత్రం కొలెస్టరాల్, రక్తపోటు, పొగ తగ్గడానిదేనని అక్కడి పరిశోధకులు తేల్చారు.

దాదాపు అంతే జనాభా ఉన్న తెలుగు పల్లెల లెక్క కూడా మన దగ్గరుంది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, ఏడాదిపాటు సంభవించిన ప్రతి మరణాన్నీ ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంగా అది ప్రపంచానికి తెలుసు. నమోదైన 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవే. అంటురోగాల వాటా 12 శాతం. పల్లెటూరు, పచ్చటి చేలు, కల్తీ లేని గాలి ఉన్నచోట గుండెపోటు రాదన్న నమ్మకం ఇరవై ఏళ్ళ కిందటే గోదావరి గట్టున కూలిపోయింది.

"మా తాత రోజూ ఆవకాయ, గడ్డపెరుగు, పేరిన నెయ్యి తిని తొంభై ఏళ్ళు బతికాడు" అనే మాట ఇక్కడ వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే అది చాలా ఇళ్ళలో నిజమే. ఆ తాత తెల్లవారకముందే పొలం పోయి పొద్దుగూకాక ఇల్లు చేరాడు. ఆయన తిన్న అన్నం దంపుడు బియ్యంది, లేకపోతే జొన్నలదీ రాగులదీ. నెయ్యి చెంచాతో వడ్డించేవారు. వేపుడు పండక్కో చుట్టాలొస్తేనో చేసేవారు. ఇవన్నీ వదిలేసి ఆవకాయనొక్కదాన్నీ వారసత్వంగా అట్టిపెట్టుకోవడం తాతకు న్యాయం కాదు. పైగా తొంభై దాటిన తాతల కథలే మనకు మిగిలాయి. నలభై అయిదేళ్ళకు "గుండెల్లో గాలి పట్టి" పోయిన ఆయన తమ్ముడి కథ ఎవరూ చెప్పరు. ఆ నొప్పి పేరు గుండెపోటని ఆనాడు ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వంటింట్లోకి రావాలి. ముందు ఉప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. తలకొట్టిన ఒక టీ చెంచా. కొన్నేళ్ళ కిందట మూత్ర పరీక్షలతో లెక్క తీస్తే ఆంధ్రప్రదేశ్‌లో సగటు వాడకం 9 గ్రాములు దాటింది. దీన్ని చెంచాలతో కొలుచుకోవడం ఏ ఇంట్లోనూ సాగదు. సరుకుల చీటీతో కొలిస్తే తేలిగ్గా తెలుస్తుంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో మనిషికి 9 గ్రాముల చొప్పున నెలకు కిలోకు కాస్త పైనే ఉప్పు ఖర్చవుతుంది. అంటే నెలకో ప్యాకెట్. 5 గ్రాములకు దిగితే 600 గ్రాములే, ఒక ప్యాకెట్ యాభై రోజులు రావాలి. ఇది కూడా కూరల్లో, పచ్చళ్ళలో, అప్పడాల్లో, వడియాల్లో, ఊరమిరపకాయల్లో ఉన్నదంతా కలిపి. ఆవకాయలో బరువుకు సుమారు పదో వంతు ఉప్పే. పెద్ద చెంచాడు ఆవకాయ వేసుకుంటే ఆ పూటే గ్రామున్నర నుంచి రెండు గ్రాములు లోపలికి పోయినట్టు.

ఆవకాయ మానేయమని ఏ తెలుగువాడూ మరో తెలుగువాడికి చెప్పలేడు, చెప్పనక్కర్లేదు కూడా. జాడీ భోజనాల బల్ల మీద కాక అలమరలో ఉంటే చాలు, తీసి పెట్టుకోవడానికి లేవాల్సి వస్తుంది. పప్పులో ఉప్పు తగ్గించి ఆ లోటును నిమ్మరసంతో, చింతపులుసుతో, ఇంగువ పోపుతో, కరివేపాకు పొడితో తీర్చడం మన వంటకు కొత్తేమీ కాదు. పులుపూ కారమూ వగరూ ఇన్ని రకాలుగా వాడే వంట ఉప్పు మీదే ఆధారపడాల్సిన అవసరం లేదు. ఒకేసారి సగానికి కోస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే నాలుక దానికదే సర్దుకుంటుంది, రెండు మూడు నెలల తర్వాత పాత కూర ఉప్పు కషాయంలా అనిపిస్తుంది.

సిద్దిపేట ప్రాంతంలోని ఏడు గ్రామాల్లో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయంలో గొప్ప దారి చూపించింది. రక్తపోటు ఉన్న 502 మందిని తీసుకుని, సగం మంది ఇళ్ళకు మామూలు ఉప్పు ఇచ్చారు. మిగతా సగానికి సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. ఏది ఎవరికి వెళ్ళిందో ఇచ్చేవాళ్ళకూ తెలియదు, తినేవాళ్ళకూ తెలియదు. మూడు నెలలకు రెండో గుంపులో పై రక్తపోటు మొదటివాళ్ళ కంటే సగటున 4.6 పాయింట్లు తగ్గింది. 2021లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. అదే ఏడాది చైనాలోని 600 గ్రామాల్లో దాదాపు 21 వేలమందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు కూడా వచ్చాయి, అలాంటి ఉప్పుతో పక్షవాతం 14 శాతం తగ్గింది. సిద్దిపేటలో ఎవరూ నోరు కట్టుకోలేదు. వేరే గిన్నె పెట్టలేదు. ఇంటి ఉప్పుడబ్బాలో ఉన్న సరుకు మారింది, అంతే. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ ఉప్పు వాడకూడదు. తిండి మారిందని మందులు ఆపేయడం కూడా ప్రమాదకరం.

నూనె లెక్కా ఇలాగే తీయవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ ఇది. దేశంలోని మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని ఆ పత్రం అంచనా వేసింది. మామూలు మనిషికి రోజుకు నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలంది. నలుగురికి నెలకు లెక్కేస్తే మూడున్నర లీటర్ల ప్యాకెట్లు. అయిదు లీటర్ల డబ్బా నెల తిరక్కముందే అడుగంటే ఇల్లు ఆ డబ్బాను చూసి తన సంగతి తాను తెలుసుకోవచ్చు. బయట తినే బజ్జీలూ పూరీలూ ఈ లెక్కలోకి రానేలేదు. మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించడం మీద ఆహార భద్రత సంస్థ 2018లో హద్దు పెట్టింది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 నుంచి నిబంధన అమల్లోకి తెచ్చింది. ఈ రెండూ మంచి నిర్ణయాలు. బండి దగ్గర నిలబడి బాణలిలో నూనె రంగు చూసుకోవాల్సింది మాత్రం తినేవాళ్ళే.

తగ్గించాల్సిన వాటి గురించి ఇంత చెప్పుకున్నాం. పెంచాల్సిన వాటిని మన ఇళ్ళు ఇంకా పట్టించుకోవడం లేదు. ఉత్సాహం నిలవాలంటే అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు తొలి గుండెపోటు 53 ఏళ్ళకే వస్తున్నట్టు తేలింది. మిగతా దేశాల్లో అది దాదాపు 59. గుండెజబ్బు లేనివాళ్ళలో చూసినా, రోజూ పళ్ళూ కూరగాయలూ తినేవారు మన ప్రాంతంలో 26.5 శాతమే ఉన్నారు. ఇతర ప్రాంతాల్లో 45 శాతం. శాకాహారం మన గొప్ప అని చెప్పుకుంటాం, కానీ మన శాకాహారంలో శాకం తక్కువ, అన్నం ఎక్కువ. పోషకాహార సంస్థ చెప్పే 400 గ్రాముల కూరగాయలను నలుగురికి లెక్కేస్తే వారానికి పదకొండు కిలోల పైమాటే. రైతుబజారు సంచిలో అంత బరువు మోసుకొచ్చే ఇల్లు ఎక్కడో గాని కనబడదు. తోటకూర పప్పు, గోంగూర, బచ్చలికూర పెసరపప్పు, గోరుచిక్కుడు కూర, కాకరకాయ పులుసు, మునగాకు, పొట్లకాయ పెరుగుపచ్చడి పథ్యాలు కావు, మన వంటలే. కంచంలో ముందు సగం వాటితో నిండితే అన్నానికి, వేపుడుకు చోటు దానంతటదే తగ్గుతుంది. ఎవరికీ ఏదీ నిషేధించినట్టు ఉండదు.

అన్నం విషయంలోనూ వాదన అక్కర్లేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం కోట్ల కడుపులు నింపింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఆకలి తెలియని మాట. దాని వెంటే జొన్న, రాగి, కొర్ర పేదవాళ్ళ కంచంలోంచి జారిపోయి, తెల్లన్నమే తిండి అయిపోయిందన్నదీ నిజం. బియ్యంలోనూ తేడాలున్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు రూపొందించిన తెలంగాణ సోనా రకం, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి రక్తంలో చక్కెరను అంత వేగంగా పెంచవు. రెండింటి గ్లైసీమిక్ సూచీ 51 దగ్గరే ఉంటుంది. రాత్రిపూట ఒక్క భోజనం జొన్నరొట్టెకో రాగి సంకటికో మారితే, ఆ మార్పు రోగికే కాదు, ఇంట్లో చదువుకునే పిల్లలకూ ఉపయోగమే.

ఇంటి వంట అంటున్నప్పుడు వండే మనిషి గురించి మాట్లాడకుండా ముగించడం అన్యాయం. మొదట చెప్పిన కథలో రోగి మగవాడు కాబట్టి చిన్న గిన్నె అన్నా పొయ్యి ఎక్కింది. రోగి ఇల్లాలైతే? ఆమెకు వేరే గిన్నె ఎవరు పెడతారు? నలుగురికీ వేపుడు వేయించి, అందరూ తిన్నాక, మిగిలిన వేపుడు, పొద్దుటి పులుసు, అడుగున పడ్డ అన్నం కలిపి తినడమే చాలా ఇళ్ళలో ఆమె భోజనం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో నలుగురిలో ఒకరికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. వాళ్ళకు పథ్యం చెప్పే డాక్టర్లున్నారు, పథ్యం పెట్టే ఇల్లు లేదు. ఒంటరి పథ్యం పద్ధతి ఎంత అన్యాయమైనదో చూడాలంటే ఆమె కంచాన్ని చూస్తే చాలు. ఇంటికంతటికీ ఒకే మంచి వంట ఉంటే ఆమె గుండె కూడా అడక్కుండానే కాపాడబడుతుంది. పైగా రెండు రకాలు వండే చాకిరీ తప్పుతుంది.

ఇల్లు ఒక్కటే అన్నీ చేయలేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయలకు చేరువైంది. అదే మార్కెట్ పరిసరాల్లో ధర లేక రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ ఉన్నాయి. కూరగాయలు ఎక్కువ తినమని కూలి చేసుకునే మనిషికి చెప్పే ముందు ప్రభుత్వాలు ఈ ఎగుడుదిగుళ్ళను సరిచేయాలి. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పేదవాడి కంచంలోకి మంచి బియ్యం రావడం సంతోషించాల్సిన విషయం. అదే దుకాణంలో ఒకటి రెండు కిలోల జొన్నలో రాగులో, కందిపప్పో, తక్కువ సోడియం ఉప్పో ఎందుకు ఉండకూడదు? చేయలేని పనేమీ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళలు 1990ల్లోనే బీడు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్ళోనే పేద ఇళ్ళకు పంచే సొంత రేషన్ నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లలకు రాగిజావ మొదలైంది. ఇలాంటివి ప్రభుత్వాలు మారినా ఆగకూడదు, పదేళ్ళ వయసులో పడిన రుచే యాభైలో గుండెకు అక్కరకొస్తుంది.

కాబట్టి డాక్టర్లకొక విన్నపం. తిండి కాగితం రోగి చేతికిచ్చి పంపకండి, ఇంట్లో వండేవాళ్ళనూ సరుకులు తెచ్చేవాళ్ళనూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకు మరో విన్నపం. ముప్ఫై రకాల్లో అయిదు పచ్చి కూరముక్కలకూ పళ్ళకూ ఆకుకూరలకూ కేటాయించండి, వాటిని చివరి బల్ల మీద కాకుండా మొదటి బల్ల మీద పెట్టించండి.

ఇక ఇళ్ళకు. ఒకటో తారీఖున సరుకుల చీటీ రాసేటప్పుడు ఇంట్లో అందరూ కూర్చోండి. నూనె ఎన్ని లీటర్లు రాశారో చూసి ఒక్క లీటరు కొట్టేయండి, ఆ డబ్బు ఆకుకూరలకు పక్కన పెట్టండి. ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. అది ఎన్నాళ్ళకు అయిపోయిందో రాసిపెట్టుకుని, వచ్చే ప్యాకెట్ కనీసం పది రోజులు ఎక్కువ వచ్చేలా చూడండి. ఇంట్లో రోగి ఎవరైనా సరే, రేపటినుంచి వేరే గిన్నె పెట్టకండి.